విమానాల ఫ్యాక్టరీయా, షిప్ యార్డా? 1943లో పనికి పోవాలంటే ఏది మేలు?

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ఫ్యాక్టరీల సంగతి ఎక్కడ ఎత్తినా మాట చివరికి ఒకే చోటికి వచ్చి ఆగుతుంది. గంటకో బాంబర్ విమానం తీసిన విల్లో రన్ ఫ్యాక్టరీ గొప్పా, నాలుగున్నర రోజుల్లో ఓడని నీళ్ళలోకి దింపిన కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్ షిప్ యార్డు గొప్పా? నన్ను మాటిమాటికీ అడుగుతూనే ఉన్నారు, నేను దాటేస్తూనే ఉన్నా, ఎందుకంటే అది విల్లో రన్ నడిపిన ఫోర్డ్ గొప్పా, రిచ్‌మండ్ యార్డులు నడిపిన కైజర్ గొప్పా అని అడగడమే, ఓనర్ల పోటీలో మనకేం పని. కానీ అదే ప్రశ్నని కొంచెం తిప్పి అడిగితే మాత్రం నేను రాత్రంతా మాట్లాడగలను. 1943లో మీరు కెంటకీలోనో ఆర్కన్సాలోనో ఉన్న మామూలు ఆడమనిషి అనుకోండి, పొలం మీద ఏం మిగలట్లేదు, మొగుడు మిలిటరీకి పోయాడు, ఇద్దరు చిన్న పిల్లలు, చేతిలో రైలు టికెట్‌కి సరిపడా డబ్బులే ఉన్నాయి. మిషిగన్ పోయి విమానాల ప్లాంటులో చేరతారా, పసిఫిక్ తీరానికి పోయి షిప్ యార్డులో చేరతారా?

నేను వైజాగ్ వాణ్ణి, గాజువాక వైపు పెరిగినవాణ్ణి, మా చుట్టుపక్కల ఏ వీధి చూసినా షిప్ యార్డులో చేసి రిటైరైన పెద్దాయన ఒకరైనా ఉంటారు. కాబట్టి ఓడల వైపు కాస్త మొగ్గు ఉంటుంది, ఆ మేరకి తగ్గించుకుని చదవండి. అయితే ఎందుకు మొగ్గానో చూస్తే ఓడలకీ దానికీ పెద్ద సంబంధం లేదని మీకే తెలుస్తుంది.

రికార్డుల సంగతి ముందు కానిచ్చేద్దాం. విల్లో రన్ అంటే డెట్రాయిట్‌కి పడమరగా ఇప్సిలాంటి అనే చిన్న ఊరి పక్కన ఫోర్డ్ వాళ్ళు 1941లో కట్టడం మొదలుపెట్టిన బి-24 లిబరేటర్ బాంబర్ల ప్లాంటు. ఒక్కో విమానానికి 3 లక్షల పైచిలుకు రివెట్లు (రేకుల్ని కలిపి బిగించే మేకులు) పడేవి. 1942 ఏడాది మొత్తానికి బయటికొచ్చినవి 56 విమానాలే, దాంతో జనం దాని పేరునే మార్చేసి "విల్ ఇట్ రన్?" అని ఎగతాళి చేశారు. 1944కి వచ్చేసరికి నిజంగానే గంటకొకటి చొప్పున తీశారు, మొత్తం మీద 8,600కి పైనే. ఇటు రిచ్‌మండ్‌లో కైజర్ నాలుగు యార్డుల్లో కలిపి కట్టినవి 747 ఓడలు, అందులో రాబర్ట్ ఈ. పియరీ అనే లిబర్టీ షిప్‌ని (యుద్ధానికి సరుకులు మోసే ఓడ రకం) 1942 నవంబర్‌లో కీల్, అంటే అడుగు దూలం, వేసిన దగ్గర్నుంచి 4 రోజుల 15 గంటల్లో నీళ్ళలోకి దింపారు. అది చాలావరకు పబ్లిసిటీ కోసం చేసిందే, ముక్కలన్నీ ముందే పక్కన రెడీ చేసి పెట్టుకుని ఆ తర్వాత గడియారం మొదలుపెట్టారు, రోజూ అలా కట్టలేదు. అసలు గొప్ప ఎక్కడుందంటే మొట్టమొదటి లిబర్టీ షిప్ పాట్రిక్ హెన్రీకి 244 రోజులు పడితే తర్వాత తర్వాత సగటున ఆరు వారాల్లో అయిపోయేది, అలా దేశం మొత్తం మీద 2,710 లిబర్టీ షిప్పులు కట్టారు. సరే, రెండూ గొప్పే, ఇక్కడితో ఈ లెక్క వదిలేద్దాం.

పని ఎలా ఉండేది? ఇక్కడ విమానాల ఫ్యాక్టరీకే మార్కులు, అందులో నాకు అనుమానం లేదు. పైకప్పు ఉంటుంది, లైట్లు ఉంటాయి, అల్యూమినియం తేలిక, చేతికి అంత మురికి కూడా అంటదు. రివెట్ కొట్టడం ఇద్దరి పని, ఒకరు ఇటు నుంచి గన్ పట్టుకుంటే ఇంకొకరు అటు నుంచి ఇనుప దిమ్మ ఆనించి పట్టుకోవాలి, ఇద్దరికీ చెయ్యి కుదిరితే పని పరిగెడుతుంది, లేకపోతే రివెట్ తల వంకర పోయి మళ్ళీ డ్రిల్ చేసి పీకాల్సిందే. చెవులు మాత్రం పోతాయి, వేల గన్నులు ఒకేసారి మోగే రేకుల షెడ్డు అది. రెక్కల లోపల ఇరుకు జాగాల్లో దూరి పని చెయ్యడానికి పొట్టివాళ్ళని, మరుగుజ్జుల్ని కూడా వెతికి పెట్టుకున్నారు. యుద్ధానికి ముందు విమానాల తయారీలో ఆడవాళ్ళు నూటికి ఒక్కరు ఉంటే గొప్ప, 1943 చివరికొచ్చేసరికి మూడో వంతు దాటారు, సియాటిల్‌లో బోయింగ్‌లో అయితే దాదాపు సగం.

షిప్ యార్డు అలా కాదు. ఆరుబయట పని. కైజర్ యార్డులే ఉన్న ఆరెగన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో చలికాలం అంతా వాన ముసురే, రిచ్‌మండ్‌లో అఖాతం మీంచి వచ్చే చలిగాలి, పైన తోలు జాకెట్టు, మొహానికి హెల్మెట్, బరువైన కేబుల్ భుజాన వేసుకుని నిచ్చెనలు ఎక్కాలి. కాకపోతే కైజర్ యార్డుల్లో ఒక తెలివి చేశారు. పాత పద్ధతిలో ఓడని కింద నుంచి పైకి ఒక్కో ప్లేటూ రివెట్లతో కడతారు, ఆ పని నేర్చుకోవడానికే ఏళ్ళు పడుతుంది. వీళ్ళు ఓడని పెద్ద పెద్ద ముక్కలుగా నేల మీదే వెల్డింగ్ చేసి క్రేన్‌తో ఎత్తి పెట్టారు. దీనివల్ల టైమ్ కలిసొచ్చిందని అందరూ చెప్తారు గానీ వెల్డింగ్ తెలిసినవాళ్ళని అడిగితే ఇంకో మాట చెప్తారు. తల మీద వెల్డింగ్ చెయ్యడం నరకం, నిప్పురవ్వలన్నీ మెడలో పడతాయి, చెయ్యి తిరగాలంటే చాలా కాలం కావాలి, అదే కిందకి వంగి బల్ల మీద చేసినట్టు చెయ్యడం కొన్ని వారాల్లో ఎవరైనా నేర్చుకుంటారు. ముక్కని నేల మీద పెట్టి కావాల్సినప్పుడు క్రేన్‌తో తిరగేస్తే ఆ కష్టమైన పనిలో చాలా భాగం ఈ తేలికైన పనిగా మారిపోతుంది. నిన్నటిదాకా హోటల్లో ప్లేట్లు కడిగిన అమ్మాయి వెల్డర్ అయిందంటే వెనకాల ఉన్న కిటుకు ఇదే.

ఇంకో తేడా ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. లిబర్టీ షిప్ డిజైన్ పాతది, బ్రిటిష్ వాళ్ళ సాదా సరుకు ఓడ నుంచి తీసుకున్నది, లోపల పాతకాలపు ఆవిరి ఇంజను, వేగం 11 నాట్లే, అంటే గంటకి 20 కిలోమీటర్లు, అందం కూడా అంతంతే. కానీ మారదు. పోయిన నెల చేసిన పనే ఈ నెలా చేస్తారు. బి-24 అలా కాదు, యుద్ధరంగం నుంచి పైలట్లు ఏదో ఒకటి చెప్తూనే ఉంటారు, ఇక్కడ తుపాకీ పెట్టండి, అక్కడ ట్యాంకు మార్చండి అని. విమానాల కంపెనీలు అందుకే చటుక్కున మార్చుకోగలిగే మెత్తటి డైలు (రేకుని నొక్కి ఆకారం తెచ్చే అచ్చులు) వాడేవి, ఫోర్డ్ వాళ్ళేమో కార్ల అలవాటు కొద్దీ గట్టి ఉక్కు డైలు చేయించారు, డిజైన్ మారినప్పుడల్లా అవన్నీ మళ్ళీ మొదటికి. పనివాళ్ళకి దీని అర్థం ఏంటంటే కొన్ని రోజులు ఊపిరాడనంత పని, కొన్ని రోజులు పార్టులు రాక ఖాళీగా నిలబడటం. ఖాళీగా ఉంటే హాయే కదా అనుకుంటారేమో, దేశం కోసమని ఇల్లూ వాకిలీ వదులుకుని వచ్చి గోడకి ఆనుకుని నిలబడటం అంత హాయిగా ఏం ఉండదు.

జీతం. దీంట్లో షిప్ యార్డు ముందుంది. పసిఫిక్ తీరం యార్డుల్లో పని నేర్చుకున్న మనిషికి గంటకి డాలరు 20 సెంట్లు, యూనియన్ ఒప్పందం ప్రకారం, ఆడవాళ్ళకీ అదే రేటు. విమానాల వాళ్ళు మొదట్నుంచీ జీతాల దగ్గర గట్టిగా ఉండేవాళ్ళు, 1941 జూన్‌లో లాస్ ఏంజెలెస్ దగ్గర నార్త్ అమెరికన్ అనే విమానాల కంపెనీ ప్లాంటులో గంటకి 50 సెంట్లున్న ఆరంభ జీతాన్ని 75 చెయ్యమని సమ్మె చేస్తే ప్రెసిడెంటు రూజ్‌వెల్ట్ సైన్యాన్ని పంపి ప్లాంటు తెరిపించాడు. 1943లో సియాటిల్‌లో బోయింగ్ మనుషులు పక్కనున్న షిప్ యార్డులకి వెళ్ళిపోతుంటే బి-17 బాంబర్ల ఉత్పత్తికే ఇబ్బంది వచ్చింది. విల్లో రన్ ఈ విషయంలో మరీ తక్కువేం కాదు, డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీల రేట్లు ఉండేవి, ఆడా మగా తేడా లేకుండా ఇచ్చారు, ఫోర్డ్‌కి ఆ మెప్పు ఇవ్వాలి. ఒక్కటి గుర్తుంచుకోండి, 1943 నుంచి యుద్ధ పరిశ్రమల్లో ఒక చోట మానేసి ఇంకో చోట చేరాలంటే పాత కంపెనీ దగ్గర్నుంచి రిలీజ్ కాగితం లాంటిది కావాల్సొచ్చేది, కాబట్టి నచ్చకపోతే రేపే మారిపోదాం అనే వీలు లేదు. ముందే సరిగ్గా ఎంచుకోవాలి.

ఇప్పుడు అసలు సంగతి. నా లెక్కలో పైన చెప్పినవన్నీ సగం, మిగతా సగం ఒక్కటే ప్రశ్న: షిఫ్ట్ అయ్యాక ఏంటి? ఎక్కడ పడుకుంటారు, పిల్లల్ని ఎవరు చూస్తారు, రాత్రికి ఎవరు వండుతారు?

విల్లో రన్ ఓడిపోయింది ఇక్కడే. పొలాల మధ్యలో ప్రపంచంలోనే పెద్ద ఫ్యాక్టరీల్లో ఒకటి కట్టారు, దాంట్లో చేసేవాళ్ళు ఎక్కడుండాలో మాత్రం ఎవరికీ పట్టలేదు. ఇప్సిలాంటి జనాభా అప్పటికి 12 వేలు, ప్లాంటులో పనివాళ్ళు 1943 మధ్యలో 42 వేలు దాటారు. ప్రభుత్వం పక్కనే పెద్ద ఊరు, బాంబర్ సిటీ అని, కడతానంటే ఫోర్డ్ కంపెనీయే అడ్డుపడింది. వచ్చేవాళ్ళంతా యూనియన్ వాళ్ళు, పైగా రూజ్‌వెల్ట్ పార్టీకి ఓట్లేసేవాళ్ళు, వాళ్ళు స్థిరపడితే ఆ కౌంటీ (మన జిల్లా లాంటిది) రాజకీయమే మారిపోతుందని భయం. ప్లాంటు కూడా చివర్లో ఎల్ ఆకారంలో వంకర తిరిగి ఉంటుంది, పక్క కౌంటీలోకి పోతే పన్నులు ఎక్కువని అలా కట్టారని చెప్పుకుంటారు, విమానాల్ని ఆ మలుపులో తిప్పడానికి పెద్ద తిరుగుడు బల్లలు పెట్టారు. విమానాన్ని తిప్పడానికి ఏర్పాటుంది, మనిషి పడుకోవడానికి లేదు. జనం ట్రైలర్లలో, గుడారాల్లో, కార్ల షెడ్లలో ఉన్నారు. ఒకే మంచం మీద పగలు ఒకరు, రాత్రి ఒకరు. లేదంటే డెట్రాయిట్‌లో ఉండి రోజూ రాను 30 మైళ్ళు, పోను 30 మైళ్ళు, అదీ టైర్లకీ పెట్రోలుకీ రేషన్ ఉన్న రోజుల్లో, గంటకి 35 మైళ్ళు మించి నడపకూడదన్న రోజుల్లో. 9 గంటల షిఫ్ట్‌కి ఈ ప్రయాణం కలుపుకుంటే పిల్లల మొహం చూసేది ఆదివారమే. చివరికి 1943లో ప్రభుత్వం హాస్టళ్ళూ, తాత్కాలిక ఇళ్ళూ కట్టింది, కానీ అప్పటికే చేరినవాళ్ళు చేరినట్టే మానేసి పోతున్నారు, కావాల్సినంత మంది దొరక్క ఫోర్డ్ వాళ్ళు కొన్ని పార్టుల పనిని డెట్రాయిట్‌లోని వేరే ఫ్యాక్టరీలకి పంచాల్సొచ్చింది. 1942లో 56 విమానాలే ఎందుకొచ్చాయి అంటే ఇంజనీర్లు డైల గురించి చెప్తారు, అదీ నిజమే, నేనైతే మంచాల గురించి కూడా చెప్తా.

ఇటు కైజర్ యార్డులు చూడండి. అన్నీ స్వర్గాలని కాదు, రిచ్‌మండ్ ఊరు 24 వేల నుంచి రెండు మూడేళ్ళలో లక్ష దాటింది, అక్కడ కూడా మంచాలు షిఫ్టుల్లో పంచుకున్నారు, జనం రాత్రంతా నడిచే సినిమా హాళ్ళలో కునుకు తీశారు. అందుకే నా ఓటు రిచ్‌మండ్‌కి కాదు, పోర్ట్‌లాండ్‌కి. అక్కడ కూడా నగర పెద్దలు ఇళ్ళ విషయంలో నానుస్తుంటే కైజర్ నేరుగా వాషింగ్టన్ వెళ్ళి డబ్బు తెచ్చి, కొలంబియా నది పక్క పల్లంలో వాన్‌పోర్ట్ అని ఒక ఊరు ఊరే లేపాడు. 1942 ఆగస్టులో మొదలుపెడితే మరుసటి ఏడాదికల్లా దాదాపు 10 వేల కాపురాలు. ఒక దశలో 40 వేల మంది, ఆరెగన్ రాష్ట్రంలో రెండో పెద్ద ఊరు. గోడలు పల్చన, పక్కింటి దగ్గు కూడా వినిపిస్తుంది, అయినా తలుపు ఉంది, తాళం ఉంది, బడి ఉంది, బస్సు ఉంది.

పిల్లల సంగతి చెప్పాలంటే ఇంకా బాగుంటుంది. 1943 నవంబర్‌లో పోర్ట్‌లాండ్‌లోని స్వాన్ ఐలాండ్, ఆరెగన్ షిప్ ఈ రెండు కైజర్ యార్డుల గేటు దగ్గరే రెండు పెద్ద క్రెష్‌లు తెరిచారు. ఊళ్ళో ఎక్కడో కాదు, గేటు దగ్గరే, అది గమనించాలి. ఏడాదిన్నర పిల్లల నుంచి ఆరేళ్ళ వాళ్ళ దాకా, 24 గంటలూ, అంటే నైట్ షిఫ్ట్ తల్లి పిల్లాణ్ణి నిద్రపుచ్చడానికి కూడా అక్కడే వదలొచ్చు. టీచర్లు చిన్నపిల్లల చదువులో ట్రైనింగ్ అయినవాళ్ళు, ఏదో ఆయాలతో నడిపించింది కాదు. ఒంట్లో బాగాలేని పిల్లలకి విడిగా గది, నర్సు, కాబట్టి పిల్లాడికి జలుబు చేసిందని జీతం పోగొట్టుకోనక్కర్లేదు. అన్నిటికంటే నాకు నచ్చింది, తల్లి ముందుగా చెప్పి పెట్టుకుంటే షిఫ్ట్ అయ్యాక పిల్లాడితో పాటు ఇంటికి తీసుకెళ్ళడానికి వండిన రాత్రి భోజనం కూడా చేతికి ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు హైటెక్ సిటీలో ఎంత పెద్ద కంపెనీ అయినా ఇది చేస్తుందా చెప్పండి. మూసేసేలోపు దాదాపు 4 వేల మంది పిల్లలు ఆ రెండు చోట్లా పెరిగారు. మొదట్లో తల్లులు నమ్మలేదు, సీట్లు ఖాళీగా ఉన్నాయి, తర్వాత తర్వాత నిండాయి.

వైద్యం కూడా ఉండేది. వారానికి 50 సెంట్లు కడితే డాక్టరు, ఆస్పత్రి. సిడ్నీ గార్‌ఫీల్డ్ అనే డాక్టరు పెట్టిన ఈ ఏర్పాటే యుద్ధం అయ్యాక బయట జనానికి కూడా తెరిచిన కైజర్ పర్మనెంటే. ఫ్రీమాంట్‌లోనో శాన్ హోసేలోనో ఉండి ప్రతి ఏడాది హెల్త్ ఇన్సూరెన్స్ ఎంచుకునే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్‌కి కైజర్ తీసుకోవాలా, పీపీఓ అనే ఇంకో రకం ప్లాను తీసుకోవాలా అని కొట్టుకునే మనవాళ్ళకి చెప్తున్నా, మీ కార్డు మీదున్న ఆ పేరు ఈ ఓడలాయనదే.

ఇక్కడ ఒక ఎదురు మాట ఉంది, అది నేనే చెప్పేస్తా. కైజర్ ఏం జేబులోంచి పెట్టలేదు. కాంట్రాక్టులు ఖర్చు మీద లాభం పద్ధతిలో ఉండేవి, క్రెష్‌ల ఖర్చు కూడా ఓడ ఖర్చులో కలిపి ప్రభుత్వం దగ్గరే వసూలు చేశాడు. నిజమే. కానీ విల్లో రన్ కట్టడానికి పెట్టింది కూడా ప్రభుత్వం డబ్బే కదా. ఇద్దరి చేతుల్లోనూ సర్కారు సొమ్మే ఉంది, ఒకరు దాంతో పిల్లలకి గదులు కట్టారు, ఒకరు పనివాళ్ళ ఊరే రాకుండా చూసుకున్నారు. తేడా డబ్బులో లేదు.

మరి షిప్ యార్డు వైపు పెద్ద మచ్చలు లేవా అంటే ఉన్నాయి, రెండు.

మొదటిది రంగు. మీరు నల్లజాతి మనిషి అయితే నేను పైన చెప్పిన లెక్కలో సగం చెల్లదు. యార్డుల్లో పని దొరకాలంటే బాయిలర్‌మేకర్స్ యూనియన్‌లో ఉండాలి, ఆ యూనియనేమో నల్లవాళ్ళని పక్కన వేరే శాఖలో పెట్టింది, చందా కట్టాలి గానీ ఓటు ఉండదు. దీని మీద జోసెఫ్ జేమ్స్ అనే వెల్డర్, గాయకుడు కూడా, శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర సాసలిటోలోని మారిన్‌షిప్ యార్డు మీద కోర్టుకెళ్ళి కాలిఫోర్నియా సుప్రీం కోర్టు దాకా పోరాడి 1944 చివర్లో గెలిచాడు, అప్పటికి యుద్ధం అయిపోవస్తోంది. అలబామాలో మొబైల్ ఊళ్ళో 1943 మేలో 12 మంది నల్లవాళ్ళని వెల్డర్లుగా ప్రమోట్ చేసినందుకు తెల్ల పనివాళ్ళు యార్డులోనే దాడులకి దిగారు. విమానాల వైపు మెరుగా అంటే, 1941లో నార్త్ అమెరికన్ ప్రెసిడెంటు నల్లవాళ్ళకి ఊడ్చే పని తప్ప ఇవ్వమని బహిరంగంగానే చెప్పాడు. నల్లజాతి కార్మిక నాయకుడు ఏ. ఫిలిప్ రాండాల్ఫ్ వాషింగ్టన్ మీదకి ఊరేగింపు తెస్తానని బెదిరిస్తేనే ఆ జూన్‌లో రూజ్‌వెల్ట్, యుద్ధ పరిశ్రమల్లో రంగు చూసి పని లేదనకూడదని, 8802 ఆర్డరు ఇచ్చాడు. ఆ తర్వాత కూడా, 1943 జూన్‌లో, డెట్రాయిట్‌లో విమానాల ఇంజన్లు చేసే ప్యాకర్డ్ ప్లాంటులో ముగ్గురు నల్లవాళ్ళకి ప్రమోషన్ ఇచ్చారని 25 వేల మంది పని ఆపేశారు, అదే నెలలో ఊళ్ళో అల్లర్లలో 34 మంది చచ్చిపోయారు. కాబట్టి ఇక్కడ ఏది మేలు అనే మాటే రాదు, షిప్ యార్డులో గంటకి డబ్బులు ఎక్కువ, అంతే.

రెండో మచ్చ ఆస్బెస్టాస్. ఓడలో ఆవిరి పైపులన్నిటికీ అదే చుట్టేవాళ్ళు, ఇంజను గదిలో గాలంతా ఆ నూగే. అప్పటికప్పుడు ఏమీ కనిపించేది కాదు. 20, 30, 40 ఏళ్ళ తర్వాత ఊపిరితిత్తుల జబ్బులు, మీసోథీలియోమా అనే క్యాన్సరు. పైపుల పని చేసినవాళ్ళకే కాదు, పక్కన వెల్డింగ్ చేసినవాళ్ళకి, ఆ బట్టలు ఇంట్లో ఉతికినవాళ్ళకి కూడా. ఆరోగ్యం ఒక్కటే చూసుకుంటే విమానాల ఫ్యాక్టరీ మేలు, దీని మీద వాదన లేదు. అయితే 1943లో రైలెక్కే ఆడమనిషికి ఇది తెలిసే దారి లేదు, నేను ఆవిడ వైపు నుంచి లెక్కేస్తున్నా కాబట్టి దీన్ని పూర్తిగా తూకంలో వెయ్యలేను. వెయ్యకుండా ఉండటానికీ మనసొప్పట్లేదు.

ఓడలు విరిగిపోయేవి కదా అని కూడా అడుగుతారు. 1943 జనవరిలో స్వాన్ ఐలాండ్‌లోనే షెనెక్టడీ అనే కొత్త ట్యాంకరు, అలల్లేని నీళ్ళలో నిలబడే రెండు ముక్కలైంది. జనం వెంటనే కొత్త వెల్డర్ల మీద, అందులోనూ ఆడవాళ్ళ మీద తోశారు. వెల్డింగ్ లోపాలు లేవని కాదు గానీ అసలు కారణాల్లో పెద్దది ఉక్కుది, చలికి పెళుసైపోయే రకం ఉక్కు. రివెట్ల ఓడలో పగులు ప్లేటు చివర ఆగిపోతుంది, వెల్డింగ్ ఓడలో ఆగడానికి అంచు లేదు. కేంబ్రిడ్జ్‌లో కాన్‌స్టన్స్ టిప్పర్ అనే ఆవిడ ఆ చలికి పెళుసుబారే గుణాన్ని తేల్చింది. ఆడవాళ్ళ మీద పడిన నింద తీసేసింది కూడా ఒక ఆడమనిషేనన్నమాట.

మిగతా ఆప్షన్లు త్వరగా చెప్పేస్తా. బ్రిటన్: అక్కడ ఎంచుకునేది పెద్దగా లేదు, 1941 డిసెంబర్ చట్టంతో 20 నుంచి 30 ఏళ్ళ పెళ్ళికాని ఆడవాళ్ళని కూడా పిలిపించారు, ఎక్కడ వేస్తే అక్కడ. సోవియట్: ఉరల్ కొండల అవతల ఫ్యాక్టరీలు, అదే డిసెంబర్ నుంచి యుద్ధ ఫ్యాక్టరీ వదిలిపోతే సైన్యం నుంచి పారిపోయినట్టే లెక్క, ఇంకేం మాట్లాడతాం. మన దగ్గర బెంగళూరులో వాల్‌చంద్ హీరాచంద్ 1940 డిసెంబర్‌లో హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ పెట్టాడు, యుద్ధం మధ్యకొచ్చేసరికి ఎక్కువగా అమెరికన్ విమానాల రిపేర్లే. ఆయనదే సింధియా కంపెనీ మా వైజాగ్‌లో షిప్ యార్డుకి 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ చేత శంకుస్థాపన చేయించింది, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వచ్చి వైజాగ్ మీద, కాకినాడ మీద బాంబులేశాయి, యుద్ధం అయ్యేదాకా ఒక్క ఓడ కూడా దిగలేదు. మొదటి ఓడ జల ఉష 1948 మార్చిలో నెహ్రూ చేతుల మీదుగా దిగింది. కాబట్టి అప్పుడు వైజాగ్ వచ్చి ఉంటే మీకు పని కంటే ముందు ఊరు ఖాళీ చేసి పోయే జనం ఎదురొచ్చేవాళ్ళు.

నా తీర్పు అడిగితే, పిల్లలున్న మనిషి అయితే కళ్ళు మూసుకుని పోర్ట్‌లాండ్, స్వాన్ ఐలాండ్ యార్డు, వాన్‌పోర్ట్‌లో ఇల్లు. వానలో తడవాలి, తప్పదు. పిల్లల్లేరు, ఒంటరి, సన్నటి చేతిపని ఇష్టం అంటే విమానాలే, అదీ విల్లో రన్ కాదు, అప్పటికే ఊరూ బస్సులూ ఉన్న లాస్ ఏంజెలెస్ లేదా సియాటిల్. విల్లో రన్‌కి ఎవరు పోవాలి? ఆల్రెడీ ఇప్సిలాంటిలో అత్తగారిల్లు ఉన్నవాళ్ళు.

ఒక్కటి మాత్రం విమానాల వైపు ఒప్పుకోవాలి. యుద్ధం అయ్యాక ఓడల పని దాదాపు పూర్తిగా పోయింది, క్రెష్‌లు 1945లోనే మూసేశారు, వాన్‌పోర్ట్ ఊరు 1948 మే 30న గట్టు తెగి వరదలో ఒక్క సాయంత్రంలో కొట్టుకుపోయింది. కాలిఫోర్నియా, సియాటిల్ విమానాల కంపెనీలు మొదట మనుషుల్ని తీసేసినా తర్వాత మళ్ళీ లేచాయి, అక్కడ అంటిపెట్టుకుని ఉండగలిగినవాళ్ళకి పెన్షన్ దాకా పని దొరికింది. విల్లో రన్‌లో బాంబర్లు 1945 జూన్‌తో ఆగిపోయాయి, ఆ తర్వాత ఖాళీ ప్లాంటులో కార్లు చేస్తానని వచ్చి చేరింది ఎవరనుకున్నారు, ఓడల కైజరే.

చూడటానికి పోవాలంటే ఏది మేలు అని కూడా అడుగుతున్నారు. డెట్రాయిట్ వైపు ఉన్నవాళ్ళు విల్లో రన్ ఎయిర్‌పోర్ట్ దగ్గరికి వెళ్ళొచ్చు, పాత ప్లాంటులో చాలా భాగం కూల్చేశారు, ఒక ముక్కని అక్కడి విమానాల మ్యూజియం వాళ్ళు చందాలు పోగు చేసి కాపాడారు. హిల్స్‌బరోలో ఇంటెల్ వాళ్ళకి వాన్‌పోర్ట్ దగ్గరే, కానీ ఇప్పుడక్కడ పార్కు, రేసు ట్రాకు, గోల్ఫ్ కోర్సు తప్ప పెద్దగా ఏం లేదు. బే ఏరియా (శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల) వాళ్ళదే అదృష్టం, రిచ్‌మండ్‌లో నేషనల్ పార్క్ వాళ్ళ మ్యూజియం ఉంది. అక్కడే బెట్టీ రీడ్ సాస్కిన్ అనే నల్లజాతి ఆవిడ నూరేళ్ళు వచ్చేదాకా రేంజర్‌గా పని చేసి 2022లో రిటైరయ్యారు, యుద్ధంలో ఆ బాయిలర్‌మేకర్స్ వేరు శాఖ ఆఫీసులోనే గుమాస్తాగా చేసిన మనిషి, యుద్ధ ఫ్యాక్టరీల ఆడవాళ్ళకి గుర్తుగా నిలిచిన "రివెట్లు కొట్టే రోజీ" కథ తెల్ల ఆడవాళ్ళ కథ అని మొహం మీదే చెప్పేవారు. దగ్గర్లోనే రెడ్ ఓక్ విక్టరీ అని రిచ్‌మండ్‌లో కట్టిన ఓడ కూడా ఉంది, ఎక్కి చూడొచ్చు. ఇంజను గదిలోకి నిచ్చెనలు నిట్టనిలువుగా ఉంటాయి, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలని పైన డెక్ మీదే ఉంచండి.